లాగుడత్తగారి ఊరిబిళ్ళ

అత్తగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. కంటబడిన ప్రతిదాన్నీ పట్టుకుని లాగి చూస్తుంది. తలుపు గడియ, కుర్చీ చెయ్యి, గోడకి కొట్టిన మేకు, ఎదుటివాళ్ళ కోటు జేబు. ఏదైనా సరే, చేతికందితే చాలు. లాగినా రాకపోతే "ఊఁ, ఉంటుంది" అంటుంది. వచ్చేస్తే "చూశారా, నేను చెప్పలా!" అంటుంది. అంతకుముందు ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పి ఉండదు.

అల్లుడు ఆ ఇంటికి మొట్టమొదట వెళ్ళేనాటికి ఇంకా అల్లుడు కాలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, నాలుగు మంచి మాటలు దారిపొడుగునా వల్లె వేసుకుంటూ వెళ్ళాడు. గడపలో అడుగుపెట్టాడో లేదో కాబోయే అత్తగారు ఎదురొచ్చి, అతని పొట్టమీది బొత్తాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చటుక్కున లాగింది. బొత్తాం ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

"చూశారా, నేను చెప్పలా! దారిలో ఊడి ఉంటే ఎంత నామోషీ! చొక్కా విప్పండి బాబూ."

"చొక్కానా అండీ?"

"విప్పకుండా కుడితే పొట్టతో కలిపి కుట్టేస్తాను. ఆపైన మీ ఇష్టం."

అలా బనీనుతోనే కూర్చుని పెళ్ళి మాటలు మాట్లాడుకున్నాడు. ఆ పూట ఇంట్లో తెల్లదారం అయిపోయి ఎర్రదారం ఒక్కటే ఉంది. తెల్ల చొక్కాకి ఎర్రదారం బొత్తాంతో ఇంటికి చేరాడు. తరవాత ఆవిడ పనిచేసేచోట ఏదో పనుండి వెళ్తే, అక్కడ కనిపించిన ప్రతి మనిషి ఒంటిమీదా ఒక ఎర్రదారం బొత్తాం ఉంది. తను ఒంటరివాడు కాదని తెలిసి అతనికి ప్రాణం లేచొచ్చింది.

వీధిలో ఎవరైనా "ఎలా ఉన్నారండీ?" అని పలకరిస్తే, "ఏదో, లాగుతున్నానమ్మా" అనేది అత్తగారు. నలుగురి నోటా అది ఊతపదం. ఆవిడ విషయంలో మాత్రం అక్షరాలా నిజం. ఒకసారి పన్ను వదులైందని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నోరు తెరవమంటే, ఆవిడ చేతిసంచీ తెరిచి కాగితం పొట్లం బల్లమీద పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"పన్ను. గట్టిగా ఉందేమో చూద్దామనుకున్నాను."

"అయితే ఇంక నన్నేం చెయ్యమంటారు?"

"పక్కదాన్ని చూడండి. నాకు దాని మీద కూడా అనుమానంగానే ఉంది."

అత్తగారు టపా కేంద్రంలో సంచుల విభాగానికి పెద్ద. రేకుల కప్పు వేసిన పొడుగాటి శాల అది. ఒక చివర వ్యాన్లు వచ్చి ఆగే తలుపులు, రెండో చివర వరసగా బల్లలు. ఊళ్ళనుంచి వచ్చిన ఉత్తరాల సంచులు బల్లల మీదికి వస్తాయి. మూతికి బిగించిన పురికొస ముడి విప్పి, ఉత్తరాలు కుమ్మరించి, వీధులవారీగా వేరు చేస్తారు. కత్తి పెట్టడానికి వీల్లేదు. కత్తి పెడితే ముడితోపాటు సంచీ, సంచీతోపాటు ఎవరో ఎవరికో రాసుకున్న మాటలూ తెగుతాయి. ఆ పురికొసకే సంచీ ఏ ఊరు వెళ్ళాలో రాసిన అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు ఊరిబిళ్ళ అంటారు. అక్కడివాళ్ళు అత్తగారిని లాగుడత్త అంటారు. ఎదురుగా అనరు. వెనకాల అన్నా ఆవిడకి వినపడుతుంది, వినపడినా ఊరుకుంటుంది.

ఒకనాడు ఒక సంచీకి ఊరిబిళ్ళ దారిలో ఊడిపోయింది. ఎవరో పుణ్యాత్ముడు కింద పడి ఉన్న ఇంకేదో బిళ్ళ తీసి దానికి కట్టేశాడు. ఆ సంచీలో ఒక బడి పిల్లల పరీక్ష ఫలితాలున్నాయి. అవి ఇంకో ఊరి బడికి చేరాయి. అక్కడి హెడ్మాస్టరు ముందువెనకలు చూడకుండా గోడకి అంటించేశాడు. ఆ ఊళ్ళో లేని పిల్లలందరూ పాసయ్యారు, ఉన్న పిల్లలందరూ గొల్లుమన్నారు. విషయం పైదాకా పోయింది.

పైనుంచి తాఖీదు వచ్చింది. డైరెక్టరు అత్తగారిని గదిలోకి పిలిచాడు. నెమ్మదైన మనిషే గాని ఆ రోజు ముఖం మాడిపోయి ఉంది.

"అమ్మా, కొత్త ఊరిబిళ్ళ కావాలి. దారిలో ఊడకూడదు. దారిలో ఎవడూ విప్పి ఇంకో ఊరి చీటీ పెట్టకూడదు. ఒకసారి వాడి పారేసేది కాకుండా మళ్ళీమళ్ళీ వాడుకునేదై ఉండాలి. నెలాఖరులోగా మనం చెయ్యలేకపోతే, సంచులు విప్పే పనంతా యంత్రాలున్న పెద్ద కేంద్రానికి తరలించేస్తారట. ఆ బల్లల దగ్గర ఉన్నవాళ్ళంతా ఇళ్ళకి పోవాల్సిందే."

"చేద్దాం. మా అల్లుడుగారు సంచులకీ బెల్టులకీ బకిల్స్ చేస్తారు. ఆయన చేసిన బకిలు ఇంతవరకూ ఊడలేదు."

"ఎలా తెలుసు?"

"ఆదివారం భోజనానికి వచ్చినప్పుడల్లా లాగి చూస్తాను."

డైరెక్టరు అప్రయత్నంగా తన బెల్టు మీద చెయ్యేసుకున్నాడు. అత్తగారి చూపు మాత్రం ఆయన టై మీద ఉంది. ఆయన వద్దనేలోపే లాగింది. టై చేతిలోకి ఊడి వచ్చింది.

"కట్టుకున్నది కాదన్నమాట, తగిలించుకున్నది. పురికొస కంటే అధ్వాన్నం" అని దాన్ని బల్లమీద భద్రంగా పెట్టి వచ్చేసింది.

అల్లుడి కార్ఖానాలో అప్పటికి పని పల్చగా ఉంది. ఈ కబురు వినగానే అతనికి ఉత్సాహం పొంగుకొచ్చింది. మొదటి బిళ్ళ రేకుతో చేశాడు. మధ్యలో ఊరి చీటీ దూర్చే అర, పైన తీగ కొక్కెం. చక్కగా రంగు కూడా వేసి అత్తగారి ముందు పెట్టాడు. ఆవిడ చేతులు తుడుచుకుంది.

"తప్పుగా అనుకోకండి అల్లుడుగారూ." కొక్కెం సాగి సూదిలా నిటారుగా నిలబడింది.

రెండోది స్ప్రింగుతో చేశాడు. దానికి బొమ్మ గీసి, కొలతలు వేసి, స్ప్రింగు బిగువు గురించి చిన్న ఉపన్యాసం కూడా సిద్ధం చేసుకున్నాడు. ఉపన్యాసం మధ్యలో ఉండగా "తప్పుగా అనుకోకండి అల్లుడుగారూ" అని వినిపించింది. స్ప్రింగు ఎగిరి ఎటో పోయింది. ఇల్లంతా వెతికారు. సాయంత్రం భార్య కాఫీ తాగుతూ ఆగి, నోట్లోంచి దాన్ని బయటికి తీసింది.

"ఏమండీ, మీరూ మా అమ్మా కలిసి నన్ను కూడా టపాలో పంపిస్తారా ఏం?"

ఆ తరవాత అతను చేసినవన్నీ అదే దారి పట్టాయి. అత్తగారు ఒక్కోదాన్ని కాలితో తొక్కిపట్టి మరీ లాగేది. లాగేముందు ప్రతిసారీ మర్యాదకి లోటు రానిచ్చేది కాదు. "గారూ" అన్నమాట వినపడితే చాలు, అల్లుడికి గుండె ఝల్లుమనేది. అయినా అతనూ మొండివాడే. ముక్కలు ఏరుకుని, ఏది ఎక్కడ విరిగిందో చూసుకుని, మర్నాడు మళ్ళీ కార్ఖానాలో కూర్చునేవాడు. ఇద్దరు మొండివాళ్ళున్న ఇంట్లో మూడో మనిషికి కాఫీలు కాచడం తప్ప పనుండదని భార్య వాపోయేది.

చివరికి ఉక్కుబిళ్ళ తయారైంది. అంచున చిన్న మర, దాన్ని కప్పుతూ కనీకనపడని మూత. అత్తగారు లాగింది. తొక్కిపట్టి లాగింది. మెట్ల మీదనుంచి కిందికి విసిరింది. సంచీకి బిగించి, ఇద్దరు హమాలీల చేత చెరోవైపునుంచీ లాగించింది. హమాలీలు వెల్లకిలా పడ్డారు గాని బిళ్ళ కదల్లేదు.

"ఊఁ, ఉంటుంది" అంది అత్తగారు.

అల్లుడికి కళ్ళు చెమర్చాయి. పెళ్ళప్పుడు కూడా ఆవిడ అతన్ని ఇంత మాట అనలేదు.

డైరెక్టరు శాలలోకి వచ్చి, బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి "బ్రహ్మాండం!" అన్నాడు. "విప్పడం ఎలాగ?"

"ఈ మూతని గోటితో ఎత్తి, మరని రెండు వేళ్ళతో నొక్కిపట్టి తిప్పాలండీ. కిటుకు తెలిసినవాళ్ళకే వస్తుంది" అన్నాడు అల్లుడు గర్వంగా.

అత్తగారు బిళ్ళ తీసుకుంది. గోటితో మూత ఎత్తింది, మర తిప్పింది, మళ్ళీ బిగించింది, మళ్ళీ తిప్పింది. తన వేళ్ళ వంక చూసుకుంది. బిళ్ళని బల్లమీద పెట్టేసింది.

"ఇది వద్దండి."

"అదేంటమ్మా! ఊడలేదుగా?"

"ఊడలేదు. అయినా వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దండి. మా అల్లుడుగారు ఇంకోటి చేస్తారు."

అందరి ముందూ అల్లుడి ముఖం కందగడ్డ అయింది. డైరెక్టరు తల పట్టుకుని, నెలాఖరు దగ్గరికొచ్చేసిందని మాత్రం గుర్తుచేసి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అల్లుడు అత్తగారితో మాట్లాడలేదు. గోడతో మాట్లాడాడు.

"ఇన్నాళ్ళూ ఊడుతోందంటే ఊడకుండా చేశాను. ఇప్పుడు ఊడకపోయినా వద్దంటే మనిషన్నవాడు ఏం చెయ్యాలి? కారణం ఒక్క ముక్క చెప్పమనండి."

"అమ్మా, చెప్పవే" అంది కూతురు.

"బాగాలేదు."

"ఏం బాగాలేదు?"

"అది నేను చెప్పకూడదు" అని అత్తగారు లేచి, దారిలో కిటికీ రెక్క ఒకటి లాగి చూసి, వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అల్లుడు టపా కేంద్రానికి వెళ్ళాడు. తను చేసిన బిళ్ళలన్నీ మూటగట్టి తెచ్చేసుకుని, ఇంక ఈ గొడవకో దణ్ణం పెట్టేయాలని నిశ్చయించుకున్నాడు. వ్యాన్ల తలుపు పక్కన సంచుల గుట్ట ఉంది. దాని వెనక ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగాడు.

అప్పుడే అత్తగారు బల్లల వెంట బయల్దేరింది. మొదటి బల్ల దగ్గర ఒక ముడి లాగి "ఊఁ, ఉంటుంది" అంది. రెండో బల్ల దగ్గరా అంతే. హమాలీలు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. "లాగుడత్త మొదలెట్టిందిరోయ్!" అని నవ్వారు. కోపంలో ఉన్నా అల్లుడికీ నవ్వొచ్చింది.

కిటికీ పక్క బల్ల దగ్గర ఎన్నో ఏళ్ళుగా అత్తగారితోపాటు పనిచేస్తున్న ఆవిడ ఉంటుంది. ఆవిణ్ణి అందరూ కిటికీ వదిన అంటారు. ఊళ్ళో ఏ సందు ఏ వీధిలో కలుస్తుందో, ఏ ఇంటి నెంబరు ఎక్కడ తప్పుగా రాస్తారో ఆవిడకి కంఠోపాఠం. అత్తగారు ఆ బల్ల దగ్గరికి వచ్చి గొంతు పెంచింది.

"ఎవరు కట్టారోగాని వదినా, ఈ ముళ్ళు చూస్తుంటే నాకు నమ్మకం లేదు. ఏదీ, జరుగు!"

మొదటి సంచీ ముడి పట్టుకుని లాగింది. ఊడింది. "చూశావా, నేను చెప్పలా!" రెండోది లాగింది. ఊడింది. మూడోదీ ఊడింది. అలా ఆ బల్లమీదున్న సంచులన్నీ ఊడుతూనే ఉన్నాయి. అంతవరకూ ఒక్క బల్ల దగ్గరా ఊడని ముళ్ళు కిటికీ దగ్గర మాత్రం ఒక్కటీ మిగలకుండా ఎందుకు ఊడుతున్నాయి? అల్లుడు కళ్ళు చికిలించి చూశాడు. అత్తగారు లాగడంలేదు. వేళ్ళతో గబగబా ముడి విప్పేసి, ఆ తరవాత, చూసేవాళ్ళకోసం ఒక్క లాగు లాగుతోంది.

కిటికీ వదిన చేతులు చీరమీద తొడుక్కున్న పొడుగు చొక్కా చేతుల్లోంచి బయటికి వచ్చాయి. వేళ్ళ కణుపులు ఉబ్బి, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ముడి విప్పడం మాట అలా ఉంచి, పురికొస కొస పట్టుకోవడం కూడా వాటివల్ల అయ్యే పని కాదు. కాని సంచీ మూతి తెరుచుకుని ఉత్తరాలు బల్లమీద పడ్డాయో లేదో, అరచేతి అంచులతోనే వాటిని చకచకా తోస్తూ, పక్క బల్లవాళ్ళు సగం చేసేసరికి ఆవిడ మొత్తం పంచేసింది. అత్తగారు తిరిగి చూడకుండా ముందుకు వెళ్ళిపోయింది. వదినా తలెత్తలేదు.

గోటితో ఎత్తి, రెండు వేళ్ళతో నొక్కిపట్టి తిప్పాలి! నిన్న అంత గర్వంగా చెప్పిన తన మాట తనకే చెవుల్లో మోగింది. పురికొస అయితే అత్తగారు లాగినట్టు నటించి విప్పేస్తుంది. ఆ మర వస్తే నటించడానికి వీల్లేదు. ఎందుకు వద్దో డైరెక్టరు ముందు చెబితే, కిటికీ వదిన ఆ పూటే ఇంటికి పోవలసి వస్తుంది. అందుకని అత్తగారు అందరి ముందూ పిచ్చిది అనిపించుకుంది. అల్లుడి చేత కూడా.

అల్లుడు మూట కట్టుకోలేదు. వచ్చిన దారినే, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాణ్ణి చూసి భార్య కెవ్వుమంది. రెండు చేతులకీ వేళ్ళు కలిపి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు.

"చేతులకేమైందండీ!"

"ఏమీ కాలేదు. వేళ్ళు లేకుండా పనిచెయ్యడం నేర్చుకుంటున్నాను."

చెంచాని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని పైకెత్తాడు. చెంచాలోది చెవిలోకి పోయింది.

"మా అమ్మ పిచ్చి అంటుకుంటుందని పెళ్ళికి ముందు ఒక్కళ్ళయినా చెప్పలేదు!" అంది భార్య, తువ్వాలు అందిస్తూ.

గుడ్డ చుట్టుకునే తలుపులు తీశాడు, గుడ్డ చుట్టుకునే పెట్టెలు మోశాడు. వేళ్ళు లేకపోతే మనిషి దేన్నీ పట్టుకోలేడు, తిప్పలేడు. నొక్కగలడు. ఆనించి, ఒళ్ళంతా మోపి, ఎంత గట్టిగానైనా నొక్కగలడు. కొళాయిని మోచేత్తో నొక్కి నీళ్ళు పట్టుకుంటూ ఉండగా అతనికి తట్టింది. తాళంచెవి చేతిలో ఎందుకుండాలి? బల్లకే ఉంటే?

నెలాఖరు రోజున శాలలో అందరూ పోగయ్యారు. అల్లుడు కొత్త బిళ్ళ తెచ్చాడు. గుండ్రంగా, నున్నగా ఉంది. మర లేదు, మూత లేదు, పట్టుకోవడానికి ఎక్కడా ఏమీ లేదు. వెనక మాత్రం ఒక చిన్న కన్నం ఉంది. హమాలీలు లాగారు, తన్నారు, వ్యాను మీదనుంచి పారేశారు. డైరెక్టరు స్వయంగా వేళ్ళూ గోళ్ళూ అరగదీసుకుని, జేబులోంచి పేనాకత్తి కూడా తీసి, ఓడిపోయాడు.

"దారిలో ఎవడూ విప్పలేడు, ఒప్పుకున్నాను. మరి మనమెలా విప్పాలి?"

అల్లుడు బల్లలకేసి చూశాడు. ప్రతి బల్లకీ ముందే ఒక పొట్టి ఉక్కుమేకు బిగించి ఉంచాడు.

"కిటికీ దగ్గరున్న పిన్నిగారూ, మీరు దగ్గర్లో ఉన్నారు. ఒక్కసారి ఇలా వస్తారా?"

కిటికీ వదిన ముఖం పాలిపోయింది. చేతులు చొక్కా చేతుల్లోకి వెళ్ళిపోయాయి. అత్తగారు ఒక్క అంగలో ముందుకొచ్చింది.

"ఏదీ, నేను లాగి చూస్తాను!"

"మీరు కాదు అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. ఆ ఇంటి గడప తొక్కిన నాటినుంచి ఆవిడ మాటకి అతను అడ్డు చెప్పడం అదే మొదలు. అత్తగారు అతని కళ్ళలోకి చూసింది. ఏం కనిపించిందో ఏమో, ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏం లేదు పిన్నిగారూ. కన్నం మేకు మీదికి వచ్చేలా ఆనించి, అరచెయ్యి మోపి నొక్కండి. వేళ్ళతో పని లేదు."

కిటికీ వదిన మణికట్టుతో బిళ్ళని మేకు మీదికి తోసింది. అరచెయ్యి ఆనించి ఒరిగింది. టక్! బిళ్ళ నోరు తెరిచింది, సంచీ మూతి సడలింది. ఆవిడ కాసేపు దానివంకే చూస్తూ ఉండిపోయింది. తరవాత ఎవరూ అడక్కుండానే రెండో సంచీ లాక్కుంది. టక్. మూడోది. టక్. ఆవిడ నవ్వుతోంది. పక్క బల్లలవాళ్ళు "మాకూ ఇవ్వండి, మాకూ ఇవ్వండి" అని ఎగబడ్డారు.

డైరెక్టరు అనుమతి కాగితం మీద సంతకం పెట్టేముందు అత్తగారి వైపు తిరిగాడు. "అమ్మా, మీరు లాగి చూడందే నేను పెట్టను."

అత్తగారు చేతులు వెనక్కి కట్టుకుంది.

"అక్కర్లేదండీ."

"ఏంటీ?"

"మా అల్లుడుగారు చేశారు కదండీ. ఉంటుంది."

ఆ రోజు అల్లుడితో ఇంటికి నడిచి వస్తూ అత్తగారు దారిలోని గేటు గడియలన్నీ లాగి చూసింది. మలుపు తిరిగాక ఆగింది.

"మీరెప్పుడు చూశారు బాబూ?"

"ఏం చూశానండీ?"

"అదే..."

"నేనేమీ చూళ్ళేదండీ. వేళ్ళతో తిప్పేదైతే పనికి ఆలస్యమవుతుందని మార్చానంతే."

"ఊఁ" అంది అత్తగారు. అల్లుడి చొక్కా కాలరు పట్టుకోబోయి, సరిచేసి వదిలేసింది.

కొత్త బిళ్ళలు వచ్చాక సంచులు సరైన ఊళ్ళకే వెళ్తున్నాయి. విప్పే పని ఆ శాలలోనే ఉండిపోయింది, అల్లుడి కార్ఖానాకి చేతినిండా పనొచ్చింది. అంతా సవ్యంగా సాగుతూండగా ఒక కబురు వచ్చింది. కిటికీ పక్క బల్ల దగ్గర రోజూ ఒక బిళ్ళ బిగుసుకుపోతోందట. ఎంత నొక్కినా రావడంలేదట.

అల్లుడికి ముద్ద దిగలేదు. పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని పరుగెత్తాడు. కిటికీ వదిన బల్లమీద అన్ని సంచులూ విప్పేసి ఉన్నాయి. ఒక్కటి మాత్రం మూతి మూసుకుని పక్కన కూర్చుని ఉంది. దాని బిళ్ళ తీసి మేకుకి ఆనించి చిటికెనవేలు మోపాడు. టక్‌మని తెరుచుకుంది. మళ్ళీ మూసి మళ్ళీ నొక్కాడు. వెన్నలా వచ్చింది. కన్నంలో దుమ్ము లేదు, మేకు ఒంగలేదు, లోపలి నాలిక అరగలేదు.

"పిన్నిగారూ, ఇది బాగానే ఉందండీ!"

"మెల్లిగా మాట్లాడండి నాయనా." కిటికీ వదిన అటూ ఇటూ చూసి, ఆ బిళ్ళని మళ్ళీ మూసేసి యథాస్థానంలో పెట్టింది. "మీ బిళ్ళ వచ్చాక మీ అత్తగారికి ఇటు రావడానికి పనే లేకుండా పోయింది. ఇన్నేళ్ళ అలవాటు. ఆవిడ ఒకసారి వచ్చి నానా గోలా చేసి వెళ్ళకపోతే నాకు పొద్దు గడవదు. పుణ్యముంటుంది, దీన్ని బాగుచెయ్యకండి."

శాల అవతలి చివరనుంచి అప్పుడే గొంతు వినపడింది. "ఏదీ, ఏదీ? మళ్ళీ బిగుసుకుందా వదినా? ఉండు, వస్తున్నా!"

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి అల్లుణ్ణి చూసి ఆగిపోయింది. "మీరా బాబూ! ఎలా ఉంది?"

అల్లుడు పనిముట్ల పెట్టె మూసేశాడు. తను చేసిన వస్తువు మీద తన నోటితోనే నింద వెయ్యడం అతని వృత్తిలో అదే మొదటిసారి.

"బాగా బిగుసుకుపోయిందండీ. నా వల్ల కావడంలేదు. మీరే ఒకసారి లాగి చూడాలి."

"జరగండి మరి!" అంది అత్తగారు.